గాలిదుమారానికి కిటికీలు పోయాయి, ఊర్లో ఇల్లు ఖాళీ. రాత్రిలోపు ఎలా మూయించాలి?

పరకాల_పిలగాడు:
నిన్న సాయంత్రం గాలివానకు ఊర్లో మా ఇంటి వెనుక దర్వాజ ఊడిపడింది. ముందర గదిలో అల్యూమినియం కిటికీ అద్దాలు పగిలాయి. పడమటి కిటికీకి రెండు రెక్కలూ లేవు. అమ్మా బాపు జమ్మికుంటలో అక్క దగ్గర ఉన్నారు, నేను హైదరాబాద్‌లో. పక్కింటి కాక ఫోటోలు పంపాడు. ఊరంతా ఇదే గోస కాబట్టి వడ్రంగి వారం దాకా రానన్నాడట. లోపల బియ్యం, విత్తనాల సంచులు, బీరువా ఉన్నాయి. మళ్లీ వాన అంటున్నారు. దేనితో మూయించాలి, ఎవరిని పిలవాలి, ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ముట్టుకోవచ్చా, సర్కారు నుంచి ఏమైనా వస్తుందా? కొంచెం తొందరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రేకుల_షెడ్డు:
తమ్మీ, చెక్కలు తర్వాత. ముందు కాకతో మీటర్ దగ్గర మెయిన్ బంద్ చేయించు. మన ఇళ్లలో కిటికీ పక్కనే స్విచ్ బోర్డు ఉంటుంది, తడిసిన గోడ ముడితే షాక్ కొడుతుంది. వాకిట్లో తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోకుండా 1912కు చెప్పమను. అద్దం ముక్కలు గోనెసంచిలోకి ఎత్తించు. పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు చేనులోకి పోయి కాళ్లలో దిగుతాయి.
ఇక టార్పాలిన్ చాలు అనేవాళ్ల మాట వినకు. మా షెడ్డుకు అట్లనే కట్టించారు. కన్నాలకు తాడు వేసి కడితే రాత్రంతా లపలపా కొట్టుకొని, తెల్లారేసరికి కన్నాలన్నీ చినిగి పక్కోళ్ల పత్తి చేనులో ఉంది. అంచును చెక్క బద్దకు రెండు చుట్లు చుట్టి ఆ బద్దను బిగించాలి. పైఅంచు సజ్జ కిందికి పోవాలి, లేదంటే నీళ్లు వెనక నుంచి దిగుతాయి.

దమ్మామ్_రిటర్న్:
జగిత్యాల నుంచి. గల్ఫ్‌లో ఏండ్ల తరబడి షటరింగ్ ఫోర్‌మన్‌గా చేశాను, ఇసుక తుఫాను వస్తుందంటే ఒక్క పూటలో క్యాంపు మొత్తం మూయించినవాణ్ణి. టార్పాలిన్, తడక అని పిల్లల ఆటలు ఆడకండి.
ఊర్లో సెంట్రింగ్ వాళ్లు ఉంటారు కదా, వాళ్ల దగ్గర నల్ల ఫిల్మ్ వేసిన ప్లై షీట్లు కిరాయికి అడగండి. ఫర్నిచర్ షాపుల్లో దొరికే, కొంచెం తేమను మాత్రమే తట్టుకునే ఎం.ఆర్. రకం వద్దు, రెండు వానలకే పొరలు విడిపోతుంది. కొనాల్సి వస్తే నీళ్లకు తట్టుకునే ప్లైకి వేసే ఐ.ఎస్. 710 ముద్ర చూసి కొనండి. మందం 12 ఎం.ఎం. చాలు. ఎనిమిది బై నాలుగు షీటు 20 కిలోల పైనే ఉంటుంది, గాలి ఉన్నప్పుడు ఒక్కడు ఎత్తితే మనిషినే ఎత్తేస్తుంది. ఇద్దరు కావాలి.
కిటికీకి ఊచలుంటే గోడకు డ్రిల్లే వేయొద్దు. షీటును బయట ఆనించి, ఊచకు అటు ఒకటి ఇటు ఒకటి రంధ్రాలు వేసి, బైండింగ్ తీగ లోపలికి లాగి ఊచ చుట్టూ మెలిపెట్టాలి. మెలి లోపల ఉంటే బయటివాడు విప్పలేడు. దర్వాజకు బయట షీటు, లోపల చౌకట్టు కంటే పొడుగ్గా అడ్డంగా రెండు చెక్కలు, రెండింటినీ కలుపుతూ పొడుగు బోల్టులు. నట్టు లోపలి వైపు. చౌకట్టుకు గీత కూడా పడదు.

కాజీపేట_జంక్షన్:
ఒక్క రాత్రికి ఇంత ఇంజనీరింగ్ ఎందుకన్నా? చౌకట్టుకు, గడపకు మూడంగుళాల మొలలు నాలుగు దిగ్గొడితే అయిపోతుంది.

హనుమకొండ_అక్క:
గడపకు మొల కొట్టమని ఎవరైనా చెప్తారా? శుక్రవారం శుక్రవారం పసుపు పూసే గడప అది. వాళ్ల అమ్మను ఒక మాట అడగకుండా అలాంటి పని చేయించకు తమ్ముడూ.
మేదరి వాళ్ల దగ్గర వెదురు తడక తెచ్చి, లోపల యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా వేసి, బొంగు అడ్డం పెట్టి కడితే చాలు. మా అమ్మగారి ఊర్లో అందరూ అదే చేస్తారు. 

కాజీపేట_జంక్షన్:
గడపకు మొల దోషమైతే గుర్రపునాడా ఎవరు కొట్టారక్కా, దేవుడొచ్చి కొట్టాడా? సగం ఊర్లో గడప మధ్యలోనే ఉంటుంది. మామిడాకుల తోరణానికి కొట్టే మొలలు ఏ లెక్కలోకి వస్తాయి?

హనుమకొండ_అక్క:
తోరణం మొల పైచెక్కకు కొడతారు, గడపకు కాదు. నాడా మంచిరోజు చూసి కొడతారు. ఎగతాళి చేయడానికి తెలివి అక్కర్లేదు. సరే, నమ్మకం పక్కన పెట్టు. పాత టేకు చౌకట్టుకు రంధ్రం వేయకుండా మూడంగుళాల మొల దించితే నిలువునా చీలుతుంది. తడికి మొల తుప్పు పట్టి చుట్టూ నల్ల మరక దిగుతుంది, ఎంత గీకినా పోదు. ఆ నష్టం నువ్వు కట్టిస్తావా?

కాజీపేట_జంక్షన్:
చీలుతుందంటే సరే, అది మాట్లాడండి. పసుపు, శుక్రవారం ఎందుకు మధ్యలో?

కోతుల_బాధితుడు:
మీరిద్దరూ దొంగ గురించి, దోషం గురించి కొట్టుకోండి. మాది నర్సంపేట వైపు, మాకు అసలు శత్రువులు వేరే. తడక కడితే మా కోతులు దాన్ని నిచ్చెన అనుకుంటాయి. కిటికీ రెక్క ఊడిన ఇల్లు ఊర్లో ఎక్కడుందో మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. బియ్యం ఉందన్నాడు కదా, మధ్యాహ్నానికి గుంపు దిగుతుంది. ప్లై వేసినా అంచు దగ్గర వేళ్లు పట్టే సందు ఉంటే పీకుతాయి. గోడ మీదికి నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండేలా కోయించు. సంచులు ముందు లోపలి గదిలోకి మార్పించు, అది అన్నిటికంటే ముఖ్యం.

రిటైర్డ్_సారు:
ములుగు నుంచి రాస్తున్నాను. బాబూ, వీఆర్వోతో పంచనామా రాయించుకో, నష్టపరిహారానికి అదే ఆధారం. 2024 డిసెంబర్ 4న పొద్దున భూకంపం వచ్చిందే, 5.3 తీవ్రత, దానితో మా ఇంటి దర్వాజ చౌకట్టు ఒక పక్కకు వంగింది. అప్పటి నుంచి గొళ్లెం పడటం లేదు. ఎవరూ వచ్చి రాసుకోలేదు.

రేకుల_షెడ్డు:
సార్, వీఆర్వోలను 2020లోనే తీసేశారు. ఇప్పుడు తహసీల్దార్ ఆఫీసుకే దరఖాస్తు పెట్టాలి, పంచాయతీ కార్యదర్శికి కూడా ఫోటోలు పంపాలి.

పాలసీ_మేడమ్:
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఈ పనిలోనే ఉన్నాను. ఇంటి పాలసీ తీసుకున్నవాళ్లు ఎక్కువ మందికి ఉండేది భారత్ గృహ రక్ష, 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్నాయి. గాలివాన నష్టం అందులో ఉంటుంది. సర్వేయర్ వచ్చేదాకా పగిలిన కిటికీ తెరిచే ఉంచాలని అనుకుంటారు, అది తప్పు. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత. మూసేముందు లోపలా బయటా, దగ్గరగా దూరంగా ఫోటోలు, వీడియో తీయించండి. ఊడిన రెక్కలు పారేయకండి. తీగ, షీటు కిరాయి రశీదులు ఉంచండి. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి.
ఇంకో మాట. గాలివాన వల్ల ఇల్లు తెరుచుకొని, దాని కారణంగా ఏడు రోజుల్లోపు దొంగతనం జరిగితే అది కూడా ఆ పాలసీ కిందికి వస్తుంది. అలా జరిగితే ఏదీ సర్దకండి, ముందు 100కు ఫోన్ చేసి పోలీసులను రానివ్వండి.

పరకాల_పిలగాడు:
థాంక్స్ మేడమ్, ఫోటోలు చెప్పాను. దమ్మామ్ అన్నా, ఒక చిక్కు ఉంది. వెనుక గది పాత మట్టి గోడ. చౌకట్టు కూడా కింద చెదలు తిన్నది. మీరు చెప్పిన బోల్టుల పద్ధతి దానికి పని చేస్తుందా?

దమ్మామ్_రిటర్న్:
అందుకే కదా ఆ పద్ధతి చెప్పింది! మట్టి గోడలో స్క్రూ ప్లగ్గు నిలవదు, వేలితో లాగితే వస్తుంది. బోల్టు బిగించినప్పుడు గోడను రెండు వైపుల నుంచి చెక్కలే పట్టుకుంటాయి, గోడకు పని లేదు. మరీ బిగించొద్దు, మట్టి రాలుతుంది. సౌదీలో పని నేర్చుకున్నవాళ్లకు ఇవి అ ఆలు.

కాజీపేట_జంక్షన్:
సౌదీలో మట్టి గోడలకు షటరింగ్ వేశారా అన్నా?

దమ్మామ్_రిటర్న్:
నువ్వు జీవితంలో సుత్తె పట్టావా? సిటీలో ఏసీ కింద కూర్చొని ఊరోళ్లకు మొల కొట్టు అని చెప్పడం కాదు.

కాజీపేట_జంక్షన్:
కాజీపేట సిటీ ఎప్పుడైంది? లోకో షెడ్డులో పని చేసే ఇంటివాణ్ణి నేను, సుత్తె గురించి నాకు చెప్పొద్దు.

అడ్మిన్:
ఇద్దరూ ఆపండి. వ్యక్తిగతంగా పోతే పోస్టులు తీసేస్తాను.

కొత్త_కోడలు:
ఒక సందేహం. లోపల ఎవరైనా పడుకునే ఇల్లయితే, అన్నీ ఇలా బోల్టులు, తీగలతో బిగిస్తే రాత్రి కరెంటు మంటలు లేస్తే బయటికి ఎలా వస్తారు? ఒక దర్వాజ అయినా లోపల నుంచి చేత్తో తెరుచుకునేలా ఉంచాలి కదా?

కోతుల_బాధితుడు:
పులి బొమ్మ ఫ్లెక్సీ కడితే కోతులు రావని ఎవరో అన్నారు. కట్టాను. రెండో వారం పులి మీద కూర్చొని పేలు చూసుకుంటున్నాయి.

మోరంచ_వాగు:
గాలి గురించే మాట్లాడుతున్నారు. మాది భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి దగ్గర. 2023 జులై 27న తెల్లవారుజామున వాగు ఊర్లోకి వచ్చింది, అదే రోజు లెక్కలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జనం మిద్దెల మీద ఎక్కి కూర్చున్నారు, హెలికాప్టర్లు వచ్చాయి. కాబట్టి వాగు ఒడ్డున ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి దర్వాజలు బిగించుకొని లోపల కూర్చోకండి. చెక్కలు గాలిని ఆపుతాయి, నీటిని ఆపవు. బయట నీళ్లు ఎక్కువై లోపల తక్కువైతే మట్టి గోడ లోపలికి కూలుతుంది.
నీళ్లు తీసిన తర్వాత దర్వాజలు ఉబ్బి మూతపడవు. అప్పుడే చిత్రిక పట్టించొద్దు. నెల రోజులు నీడలో ఆరనివ్వాలి. తొందరపడి చెక్కించుకున్నవాళ్ల దర్వాజలకు ఎండాకాలం వచ్చేసరికి పిల్లి దూరేంత సందు పడింది.

రిటైర్డ్_సారు:
పరిహారం సంగతి నేను కనుక్కున్నాను. 2022-26 విపత్తు నిధి నిబంధనల ప్రకారం కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పశువుల కొట్టానికి 3,000.

రేకుల_షెడ్డు:
రెండు కిటికీలు, ఒక దర్వాజ 15 శాతం అని ఏ అధికారి రాస్తాడు సార్? పైకప్పు పెంకులు కూడా లేచిపోయాయేమో చూసి రాయించాలి. తమ్మీ, పైన ఏమైంది? కాకను రేకుల మీదికి మాత్రం ఎక్కనివ్వకు. సిమెంటు రేకు తడిసిందంటే కాలు కింద ఎప్పుడు పుటుక్కుమంటుందో తెలియదు.

పరకాల_పిలగాడు:
పని అయిపోయింది. సెంట్రింగ్ తమ్ముళ్లు ఇద్దరు వచ్చారు, పడమటి కిటికీకి షీటు తీగతో కట్టారు. అల్యూమినియం కిటికీకి లోపల గ్రిల్ ఉంది, దానికీ అదే. వెనుక దర్వాజకు బోల్టులు. అమ్మను అడిగితే గడపను ముట్టుకోవద్దంది, ముట్టుకోలేదు. పైన పదిహేను ఇరవై పెంకులు జరిగాయి, నిచ్చెన మీద నుంచే సర్ది టార్పాలిన్ వేశారు.

హనుమకొండ_అక్క:
చూశారా, అమ్మ ఏమందో.

కాజీపేట_జంక్షన్:
చూశాం అక్కా. నాడా గురించి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

రిటైర్డ్_సారు:
మా చౌకట్టు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. భూకంపానికి వంగిన చౌకట్టును నిలబెట్టవచ్చా?

మోరంచ_వాగు:
సార్, ఒక స్క్రూడ్రైవర్ తీసుకొని చౌకట్టు అడుగున గుచ్చి చూడండి. మెత్తగా దిగితే భూకంపం కాదు, చెదలు.

రిటైర్డ్_సారు:
మా ఇంట్లో చెదలు లేవు. టేకు అది.

రేకుల_షెడ్డు:
టేకు అంటే గుర్తొచ్చింది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి కదా. ఇళ్లు పోయినవాళ్లకు దర్వాజలకైనా ఆ కర్ర ఇవ్వొచ్చు.

మోరంచ_వాగు:
ఆ మాట అని మొద్దు ఒకటి ఇంటికి తెచ్చుకో, అటవీ శాఖ వాళ్లు నీ దర్వాజ కాదు, నిన్నే తీసుకుపోతారు.

పరకాల_పిలగాడు:
దమ్మామ్ అన్నా, ఒక సమస్య. షీట్లు వాపస్ ఇస్తామంటే, రంధ్రాలు వేసిన షీట్లు స్లాబుకు పనికిరావు, సిమెంటు పాలు కారిపోతాయి, మొత్తం ధర కట్టండి అంటున్నాడు ఓనర్. మీరు కిరాయికి తెమ్మన్నారు కదా?

దమ్మామ్_రిటర్న్:
రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు వస్తాయి. అక్కడ మేం అవే వాడేవాళ్లం.

కాజీపేట_జంక్షన్:
పరకాలలో ఏ షాపులో దొరుకుతాయో అది కూడా చెప్పన్నా.

కోతుల_బాధితుడు:
పిలగాడు తమ్మీ, ధర కట్టాల్సి వస్తే ఆ షీట్లు నాకు అమ్ము. కోళ్ల గూటికి కావాలి, రంధ్రాలుంటేనే మంచిది. ఎన్ని ఉన్నాయి?