తేలిగ్గా ఉండాలి, ట్రావెల్ 150 పైన ఉండాలి: అన్ని ట్రెయిళ్లకూ ఒకే సైకిల్ కుదురుతుందా?

ఎగుడుదిగుడు
నమస్తే అందరికీ. ప్రస్తుతం నడుపుతున్నది ముందూ వెనకా 120 మి.మీ. ట్రావెల్ (గతుకులకు సస్పెన్షన్ కదిలే దూరం) ఉన్న 29 అంగుళాల చక్రాల మౌంటెన్ సైకిల్. ఎక్కేటప్పుడు దానికి వంక పెట్టడానికి లేదు. దిగుడులో రాళ్లు, చెట్ల వేళ్లు వరసగా తగిలే చోట మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాల్సి వస్తోంది. అందుకే ముందు 160, వెనక 150కి అటూఇటూగా ఉండేది చూస్తున్నాను. షరతు ఒక్కటే, 13.5 కిలోలు దాటకూడదు. మేం తిరిగే చోట లిఫ్టూ లేదు, పైదాకా తీసుకెళ్లి దింపే బండీ లేదు. దిగాలంటే ముందు తొక్కుకుంటూ ఎక్కాల్సిందే. రేసుల జోలికి వెళ్లను. బరువు 75 కిలోలు, ఎత్తు 178 సెం.మీ.

ఎండ్యూరో సైకిల్ (కఠినమైన దిగుళ్ల కోసం కట్టిన పొడుగు ట్రావెల్‌ది) కొని తేలిక పార్టులు వేసుకోవడం మేలా, ట్రెయిల్ సైకిల్ (ఎక్కుడుకూ దిగుడుకూ మధ్యస్థంగా ఉండేది) కొని కాస్త పెద్ద ఫోర్క్ (ముందు సస్పెన్షన్) వేసుకోవడం మేలా? వాడినవాళ్లు చెప్పండి.

గేరుపళ్లు
ఆ 13.5 ఎక్కడ చూశారు? కంపెనీ పేజీలో అయితే దాన్ని నమ్ముకోకండి. చాలావరకు అది చిన్న సైజు లేదా మీడియం ఫ్రేమ్ బరువు, పెడళ్లు లేకుండా తూచినది. ఫ్లాట్ పెడళ్లు 350 నుంచి 450 గ్రాములు. ట్యూబ్‌లెస్ సీలెంట్ (టైర్ చిల్లుల్ని మూసే ద్రవం) రెండు చక్రాలకూ కలిపి దాదాపు 200. మీ ఎత్తుకు లార్జ్ పడితే అదో వంద, నూటయాభై. నీళ్ల బాటిల్ పెట్టే స్టాండు, ఫ్రేముకు కట్టే పనిముట్లు కలిపితే పేజీలో 13.5 ఉన్నది ట్రెయిల్ ఎక్కేసరికి 14.5 అవుతుంది. రెండు సైకిళ్లను పోల్చేటప్పుడు ఒకటి పెడళ్లతో, ఇంకొకటి పెడళ్లు లేకుండా తూచి ఉంటే ఆ పోలికే దండగ.

బాటసారి
నాది వేరే వాదన. ఒక కిలో తగ్గితే ఎక్కుడులో ఎంత కలిసొస్తుందో లెక్క వేయండి. మీరు 75, సైకిల్ 14, బట్టలూ నీళ్లూ సంచీ కలిపి ఇంకో 4. మొత్తం 93. నిటారు ఎక్కుడులో అంతే శక్తితో తొక్కితే పట్టే సమయం దాదాపుగా మొత్తం బరువును బట్టే ఉంటుంది. అంటే ఒక కిలోకు 1 శాతం పైచిలుకు. గంట ఎక్కుడు మీద 40 సెకన్ల లోపు! ఆ 40 సెకన్ల కోసం ఫ్రేములో, బ్రేకుల్లో, టైర్లలో కోతలు పెట్టుకుని దిగుడులో బిక్కుబిక్కుమంటూ ఉండడం దేనికి?

పిట్టబరువు
బాటసారి గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ అది 75 కిలోల మనిషి లెక్క. నా బరువు 54. నాకు 15 కిలోల సైకిలంటే నా ఒంట్లో పావు వంతు కంటే ఎక్కువ. ఎక్కుడులో సెకన్ల సంగతి పక్కన పెట్టండి. రాయి అడ్డం వస్తే ముందు చక్రం లేపాలి, వంపులో సైకిల్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, తొక్కడానికి వీల్లేని మెట్ల దగ్గర భుజానికెత్తుకోవాలి. అక్కడ కిలో తేడా చేతులకు తెలుస్తుంది.

ఇంకోటి, లాంగ్ ట్రావెల్ సైకిళ్ల షాకుల్ని (వెనక సస్పెన్షన్‌ని) చాలాసార్లు బరువైన మనుషులకు తగ్గట్టే బిగించి పంపుతారు. నాలాంటివాళ్లు గాలి తగ్గించినా పూర్తి ట్రావెల్ వాడలేరు. వాల్యూమ్ స్పేసర్లు (లోపల గాలి జాగాను తగ్గించే ముక్కలు) తీసేయడం, రీబౌండ్ (కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం) దాదాపు పూర్తిగా తెరవడం, అప్పటికీ కుదరకపోతే కంప్రెషన్ వాల్వింగ్‌ను (కుంగేటప్పుడు అడ్డుపడే లోపలి వాల్వులను) తేలిక చేయించడం, ఇదీ వరస. అదేమీ చేయకుండా కాగితం మీద 160 ఉంది కదా అని మురిసిపోతే లాభం లేదు. వాడుకలోకి వచ్చేది 120 మాత్రమే.

షాక్‌పిచ్చి
ఎగుడుదిగుడు గారు అడిగింది అసలు ఇది కదా: పొడుగు ట్రావెల్ ఉన్నా మామూలు ట్రెయిల్ సైకిల్‌లా ఎక్కేది ఉందా? ఉంది, కానీ అది తూకం రాయి మీద కనపడదు. చూడాల్సింది యాంటీ స్క్వాట్. మనం తొక్కినప్పుడల్లా బరువు వెనక్కి జరిగి సస్పెన్షన్ కుంగుతుంది. చైన్ లాగుడు ఆ కుంగుడును ఎంతవరకు ఆపుతుందన్నదే యాంటీ స్క్వాట్. సాగ్ దగ్గర, అంటే మనం ఎక్కాక మన బరువుకు షాక్ దిగి ఆగే చోట, అది 100 శాతం చుట్టూ ఉంటే సైకిల్ ఊగకుండా ముందుకు సాగుతుంది. మరీ ఎక్కువైతే రాళ్ల మీద పెడళ్లు కాలిని వెనక్కి తన్నుతాయి.

ఐబిస్ రిప్‌మో రెండో తరం చూడండి, వెనక 147, ముందు 160, డీడబ్ల్యూ లింక్ (ఒక రకం వెనక సస్పెన్షన్ అమరిక). క్లైంబ్ స్విచ్ (ఎక్కుడులో షాక్‌ను బిగించే మీట) ముట్టుకోకుండానే తొక్కొచ్చు. అందుకే దానికి అంత పేరు. పివట్ స్విచ్‌బ్లేడ్ కూడా డీడబ్ల్యూ లింకే, వెనక 142, ముందు 160. స్కాట్ జీనియస్ దారి వేరు. హ్యాండిల్ మీద ట్విన్‌లాక్ మీట నొక్కితే వెనక ట్రావెల్ 150 నుంచి 100కి తగ్గుతుంది, ఇంకోసారి నొక్కితే లాక్. కేబుళ్లు ఎక్కువవుతాయి, కాక్‌పిట్ చిందరవందరగా ఉంటుంది, నాకది నచ్చదు. కానీ ఎక్కుడూ దిగుడూ నిమిషానికోసారి మారే దారుల్లో తిరిగేవాళ్లు దాన్ని వదలరు. స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ ఈవో వెనక 150, ముందు 160. హెడ్ యాంగిల్‌ను (ముందు ఫోర్క్ వాలు, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వాలినట్టు) 63 నుంచి 65.5 డిగ్రీల దాకా మార్చుకోవచ్చు. మీలాగా మనసు ఇంకా కుదరనివాళ్లకు అది పనికొస్తుంది.

మీ రెండో ప్రశ్నకు: నేనైతే ఎండ్యూరో ఫ్రేమును చిక్కించడానికి ప్రయత్నించను. 170 మి.మీ. వెనక ట్రావెల్ కోసం కట్టిన ఫ్రేము, లింకులు, షాక్ బరువుగానే ఉంటాయి. దానికి తేలిక చక్రాలు, పల్చని టైర్లు వేస్తే రెండింటికీ చెడుతుంది.

మెల్లగాఎక్కు
వెనక 130, ముందు 140 చాలు బ్రో. మిగతాదంతా ఫ్యాషన్.

షాక్‌పిచ్చి
వేసవిలో ఎండిన మట్టి బాట మీదైతే చాలు. అడ్డదిడ్డం రాళ్లున్న నిటారు దిగుడులో చేతులు తిమ్మిరెక్కాక 20 మి.మీ. ఎందుకో తెలుస్తుంది :)

మెల్లగాఎక్కు
చేతులు తిమ్మిరెక్కేది ట్రావెల్ తక్కువై కాదు. ఫోర్క్‌లో గాలి ఎక్కువై, రీబౌండ్ నెమ్మదిగా ఉండి. ఒక దెబ్బ నుంచి ఫోర్క్ తేరుకునే లోపు ఇంకో దెబ్బ తగిలితే అది లోపలే కూరుకుపోతుంది. 120 సైకిల్‌ని సరిగా సెట్ చేసుకుని చూశాకే కొత్తది కొనమనండి. ఎగుడుదిగుడు గారి ఇబ్బంది ట్రావెల్ కంటే హెడ్ యాంగిల్‌దేమో కూడా. పాత 120 సైకిళ్లలో అది 68 దగ్గర ఉండేది. ముందు చక్రం మాట వినకపోవడం నిటారు హెడ్ యాంగిల్ లక్షణమే.

ఎగుడుదిగుడు
నాది 68.5. అంటే ఆ మాటలో నిజం ఉన్నట్టే. అయినా ట్రావెల్ కూడా కావాలనే ఉంది, ఆశ చావదు. ఒక అనుమానం. టైర్ల దగ్గర బరువు తగ్గిస్తే? తిరిగే బరువు కాబట్టి రెట్టింపు లాభం అంటారు కదా.

సైడ్‌వాల్
ఆ ఒక్కచోటా చేయి పెట్టకండి.

మాక్సిస్ మినియన్ డీహెచ్‌ఎఫ్ 29 x 2.5 ఉదాహరణకు తీసుకుంటే, ఎక్సో కేసింగ్ (రబ్బరు కింద ఉండే టైర్ గుడ్డ పొర) ఉన్నది దాదాపు కిలో, డబుల్‌డౌన్ 1200 గ్రాముల పైన. డబుల్‌డౌన్‌లో రెండు పొరల కేసింగ్ ఉంటుంది. ఎక్సోలో ఒకటే పొర, దానికి సైడ్‌వాల్ రక్షణ. లాంగ్ ట్రావెల్ సైకిల్ మీద మనం తెలియకుండానే వేగంగా వెళ్తాం, గతుకును చూసి కూడా బ్రేకు వేయం. ఆ వేగంలో పల్చటి టైర్ వెనక చక్రంలో నిలవదు. నిలబెట్టాలంటే గాలి ఎక్కువ కొట్టాలి. గాలి ఎక్కువైతే పట్టు పోతుంది, చక్రం గెంతుతుంది. అప్పుడు 150 మి.మీ. పెట్టుకుని ఏం లాభం? కొత్త సైకిల్‌తో వచ్చిన పల్చటి టైర్లు మొదటి రాళ్ల దారిలోనే సైడ్‌వాల్ చిరిగిపోవడం మా గుంపులో మామూలే. బరువు కాగితం మీద తక్కువ కనపడాలని అలాంటివి వేసి అమ్ముతారని నా అనుమానం.

నా పద్ధతి: ముందు ఎక్సో, వెనక ఎక్సో ప్లస్ లేదా డబుల్‌డౌన్. రబ్బరు ముందు మెత్తది, వెనక కాస్త గట్టిది. రెండు పక్కలా మాక్స్‌గ్రిప్ (మాక్సిస్‌లో బాగా మెత్తటి రబ్బరు) వేస్తే ఎక్కుడులో ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టే ఉంటుంది. ఆ లాగుడు ముందు కిలో బరువు లెక్కలోకి రాదు. "సైకిల్ బరువుగా ఉంది" అని వాపోయేవాళ్లలో సగం మందికి కావాల్సింది వెనక టైర్ మార్చడమే. పిట్టబరువు గారి లాంటివాళ్లకైతే ఎక్సో చాలు, తక్కువ గాలితో కూడా రిమ్‌కు తగలదు.

పిట్టబరువు
నిజం. నేను రెండు పక్కలా ఎక్సోనే. చిరగలేదు ఇంతవరకు.

గేరుపళ్లు
బరువు తగ్గించే సరైన చోట్లు ఉన్నాయి. వాటిలో వెనక చక్రం దగ్గరున్న క్యాసెట్ (గేరు పళ్ల చక్రాల కట్ట) ఒకటి. ఎస్‌రామ్ ఎన్‌ఎక్స్ 11-50 (అతి చిన్న, అతి పెద్ద చక్రాల పళ్ల సంఖ్య) దాదాపు 615 గ్రాములు, జీఎక్స్ 10-52 దాదాపు 450. షిమానోలో డియోర్ 10-51 దాదాపు 590, ఎక్స్‌టీ 470. అంటే 120 నుంచి 165 గ్రాములు, అదీ సస్పెన్షన్‌కు కింద ఉండే బరువు. చక్రం, క్యాసెట్, హబ్ తేలికైన కొద్దీ వెనక చక్రం గతుకు ఎక్కి దిగడం చురుగ్గా ఉంటుంది, షాక్‌కు పని తగ్గుతుంది. ఫ్రేములో తగ్గించిన 165 గ్రాములకు ఆ గుణం లేదు. అయితే ఎన్‌ఎక్స్ మామూలు షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ (హబ్‌కు క్యాసెట్ తొడిగే భాగం) మీద కూర్చుంటుంది, జీఎక్స్‌కు ఎక్స్‌డీ బాడీ కావాలి, 12 స్పీడ్ షిమానోకు మైక్రో స్ప్లైన్. కొనే ముందు హబ్‌కు ఆ బాడీ దొరుకుతుందో లేదో చూసుకోండి.

ఫోర్క్ కూడా. 160 కావాలంటే రాక్‌షాక్స్ లిరిక్, ఫాక్స్ 36 తరగతి సరిపోతుంది, రెండు కిలోలకు అటూఇటూ. జెబ్, ఫాక్స్ 38 ఇంకో పావు కిలో ఎక్కువ. రేసులు లేవన్నారు కాబట్టి మీకు అవి వద్దు. కాయిల్ షాక్ (ఉక్కు స్ప్రింగ్ ఉన్నది) మోజులో కూడా పడకండి, గాలి షాక్ కంటే అర కిలో దాకా ఎక్కువ.

బ్రేకుల జోలికి మాత్రం పోవద్దు. నాలుగు పిస్టన్లు, ముందు 200 రోటర్.

బాటసారి
కార్బన్ ఫ్రేము మాట ఎవరూ ఎత్తలేదు?

షాక్‌పిచ్చి
ఒకే మోడల్‌లో కార్బన్‌కూ అల్యూమినియంకూ మధ్య తేడా చాలావరకు అర కిలో నుంచి కిలో లోపు. ఆ డబ్బుతో అల్యూమినియం ఫ్రేమ్ మీద మంచి డ్యాంపర్ (ఫోర్క్ కదలిక వేగాన్ని అదుపు చేసే భాగం) ఉన్న ఫోర్క్, మంచి చక్రాలు వస్తాయంటే నేను అల్యూమినియమే తీసుకుంటాను. కింది తరగతి పార్టులు తగిలించిన కార్బన్ సైకిల్ నాకు చూడబుద్ధి కాదు. దీని మీద గొడవ పడేవాళ్లు వేరే చర్చ పెట్టుకోండి.

ఎగుడుదిగుడు
బాగా స్పష్టత వచ్చింది. ఇప్పుడున్న ఆలోచన: వెనక 140-150, ముందు 160, హెడ్ యాంగిల్ 64.5 చుట్టూ. బరువు 14.5, పెడళ్లతో సహా. 13.5 వదిలేశాను. ఒకతను తన 140/150 సైకిల్ అమ్ముతున్నాడు, దానికి 160 ఫోర్క్ వేస్తే? ఇంకా సీటు ట్యూబ్ యాంగిల్ (సీటు కింది గొట్టం వాలు) ఎంత ఉండాలి?

మెల్లగాఎక్కు
ఆ ఫ్రేముకు కంపెనీ అనుమతించిన గరిష్ఠ ఫోర్క్ ట్రావెల్ ఎంతో ముందు చూడండి, దాటితే వారంటీ పోతుంది. 10 మి.మీ. పెంచితే హెడ్ యాంగిల్ దాదాపు అర డిగ్రీ వాలుతుంది, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) మూడు నాలుగు మి.మీ. పైకి లేస్తుంది, సీటు కూడా ఆ అర డిగ్రీ వెనక్కి వాలుతుంది. యెటి ఎస్‌బీ140లో కంపెనీయే 150 ఫోర్క్‌తో ఒకటి, 160తో ఎల్‌ఆర్ అని ఇంకొకటి అమ్మింది. అలా ముందే ఆలోచించి కట్టిన ఫ్రేమైతే దిగులు లేదు.

సీటు యాంగిల్ 76 నుంచి 78. పొడుగు ట్రావెల్‌కు ఇది మరీ ముఖ్యం. నిటారు ఎక్కుడులో వెనక సస్పెన్షన్ కుంగి మీరు వెనక చక్రం మీదకు జారతారు, ముందు చక్రం తేలిపోతుంది. పట్టికలో రాసేది ఎఫెక్టివ్ యాంగిల్, అది ఏదో ఒక సీటు ఎత్తు దగ్గర కొలిచినది. మీరు సీటును అంతకంటే ఎత్తులో పెడితే ఇంకా వెనక్కి పోతుంది. నడిపి చూసేటప్పుడు సీటు మీ ఎత్తుకు పెట్టి, ఎక్కుడు మీదే చూడండి, చదును నేల మీద కాదు.

షాక్‌పిచ్చి
చూసే ముందు సాగ్ కూడా పెట్టించుకోండి. పంపు, రబ్బరు రింగు ఉంటే ఐదు నిమిషాల పని. 210 x 55 షాక్ (పొడవు 210, కదిలేది 55 మి.మీ.) అయితే 30 శాతానికి 16.5 మి.మీ. నీళ్లు, సంచీ వేసుకుని, నిల్చుని, సీటు మీద కాకుండా పెడళ్ల మీద బరువు పెట్టి కొలవండి. ఫోర్క్ 160కి 20 శాతం చాలు, అంటే 32 మి.మీ. అమ్మేవాళ్ల బరువుకు పెట్టిన గాలితోనే నడిపి "ఇది బాగా ఊగుతోంది" అని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

సైడ్‌వాల్
వాడిన సైకిల్ కాబట్టి షాక్ విప్పించి పివట్ బేరింగులు కూడా చేత్తో కదిపి చూడండి. వెనక చక్రం పట్టుకుని పైకి లాగినప్పుడు టకటకమంటే బుషింగో బేరింగో అరిగినట్టు. ఫ్రేము మీద కేబుల్ రాసుకున్న చోట్లు, కార్బన్ అయితే బాటమ్ బ్రాకెట్ కింద రాళ్లు తగిలిన గుర్తులు. టైర్లు ఎలాగూ మారుస్తారు, వాటిని చూసి బేరం తగ్గించండి.

ఎగుడుదిగుడు
షాక్ పంపు కొన్నాను. ఆదివారం చూడటానికి వెళ్తున్నా. ఫోర్క్ మీద స్టిక్కర్ చిరిగి ఉందన్నాడు, లోపల 150 ఎయిర్ స్ప్రింగే (ట్రావెల్‌ను నిర్ణయించే గాలి స్ప్రింగ్) ఉందో లేదో ఎలా తెలుసుకోవడం?

గేరుపళ్లు
గాలి మొత్తం తీసేయకండి, తీస్తే కొన్ని ఫోర్కులు లోపలికి లాక్కుంటాయి. మామూలు గాలితోనే, ఎవరూ ఎక్కకుండా, డస్ట్ సీల్ (కింది కాలు పైన ఉండే రబ్బరు మూత) పైనుంచి క్రౌన్ (రెండు కాళ్లను పైన కలిపే భాగం) అడుగు దాకా స్టాంచియన్ (లోపలికి జారే నున్నటి గొట్టం) ఎంత బయట ఉందో టేపుతో కొలవండి. ట్రావెల్‌కు కొన్ని మి.మీ. ఎక్కువగా వస్తుంది. సీరియల్ నంబర్ ఫోటో తీసుకోండి, కంపెనీ సైట్‌లో కొడితే ఫ్యాక్టరీ నుంచి ఎంత ట్రావెల్‌తో వచ్చిందో చూపిస్తుంది. తర్వాత ఎవరైనా స్ప్రింగ్ మార్చి ఉంటే అది చెప్పదు కాబట్టి టేపు కొలతే ఖాయం చేసుకోండి.