కాలిన గాయం మానాక కూడా ఖర్చు ఆగట్లేదు, అందరికీ ఇంతేనా?

ప్రశ్న:
అన్నయ్యకి ఐదు నెలల కిందట వేడి నూనె మీద పడి మెడ, కుడి చెయ్యి కాలాయి. స్కిన్ గ్రాఫ్ట్ చేశారు, అంటే వేరే చోటి చర్మం తీసి కాలిన చోట అతికించారు, గాయం మానింది, ఇక గండం గడిచిందనుకున్నాం. తీరా చూస్తే ఇంటికొచ్చాకే అసలు ఖర్చు మొదలైంది. ప్రెషర్ గార్మెంట్లు (మచ్చని నొక్కి ఉంచే బిగుతు బట్టలు), ఫిజియోథెరపీ, మళ్ళీ ఆపరేషన్ పడొచ్చంటున్నారు. తను పనికి వెళ్ళలేడు, తనని చూసుకోడానికి వదిన కూడా ఉద్యోగం మానేసింది. ఇంతుంటుందని డిశ్చార్జ్ అప్పుడు ఒక్కరూ చెప్పలేదు.

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్టునండీ. ఏం తగ్గించుకున్నా గార్మెంట్, వ్యాయామం మాత్రం ఆపకండి. కొత్త మచ్చ ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళ దాకా గట్టిపడుతూ చర్మాన్ని లాగేస్తూనే ఉంటుంది, అందుకే రోజుకి 23 గంటలు వేసుకోమంటారు. వాడేకొద్దీ సాగి వదులవుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి కొత్తది కావాలి, అది నిజంగా భారమే. కానీ నొప్పికి భయపడి వ్యాయామం మానేసి, ఏడాది తర్వాత మోచెయ్యి చాపలేని స్థితిలో వచ్చినవాళ్ళని చూశాను. అప్పుడిక ఆపరేషనే.

జవాబు 2:
మీ వదినగారి జీతం పోయిన సంగతి చదివి మనసు పాడైంది, ఎందుకంటే ఆసుపత్రి బిల్లుకి లెక్కుంటుంది, ఇలా ఇంట్లో ఆగిపోయిన సంపాదనకి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాలతో ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారు, ఎక్కువమంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్ళే. బతికి బయటపడి, పని చెయ్యలేక ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఈ అంకెలో లేరు.

జవాబు 3:
మా పాప మీద వేడినీళ్ళు పడ్డప్పుడు కంగారులో టూత్‌పేస్ట్ రాశాను, ఇప్పటికీ బాధపడతాను. ఐస్, నూనె, పేస్ట్ ఏవీ వద్దు, వెంటనే 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. గాయం లోతు తగ్గితే గ్రాఫ్ట్ దాకా వెళ్ళే అవసరమూ తగ్గుతుంది. గీజర్ వేడి కూడా తగ్గించి పెట్టుకోండి, 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లు తగిలినా పెద్దవాళ్ళకే లోతుగా కాలుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఫిజియోథెరపిస్టుగారూ, దురద భరించలేక రెండు వారాలుగా గార్మెంట్ తీసి పక్కన పడేశాడండీ. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా?

జవాబు 1:
ఉంటుందండీ, ఐదు నెలలే కదా, మచ్చ ఇంకా మారే దశలోనే ఉంది. రోజూ వాసన లేని మాయిశ్చరైజర్‌తో మెల్లగా మర్దన చేస్తే దురద కొంత తగ్గుతుంది, అది చర్మంలోకి ఇంకాకే గార్మెంట్ వేయండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌ని మందు అడగండి. గార్మెంట్ కొలత కూడా ఈ వారమే ఒకసారి చూపించండి.