రాత్రిపూట ఒడ్డున గాలం వేసేవారు సముద్రం మీదికి లైటు వేయవచ్చునా?

తూర్పుగాలి:

విశాఖలో జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గర నుంచి ఋషికొండ, భీమిలి వరకు రాత్రివేళ రాడ్డు, రీలు పట్టుకుని కూర్చునేవారు ఈ కొన్నేళ్ళలో బాగా పెరిగారు. వారితో పాటు తలకు కట్టుకునే టార్చీలూ పెరిగాయి. రెండు సెల్లుల చేతి టార్చితో పని జరిగిపోయిన చోట ఇప్పుడు వెయ్యి ల్యూమెన్లని (ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత) పెట్టె మీద రాసి అమ్మే లైట్లు వెలుగుతున్నాయి. ఈ మధ్య ఒక రాళ్ళ గట్టు మీద దీని గురించే మాటా మాటా పెరిగింది. అలల మీదికి లైటు తిప్పుతూ ఉంటే చేప దగ్గరికి రాదని, పైగా పక్కవారి కళ్ళు చెదురుతున్నాయని ఒక పెద్దాయన కోప్పడ్డారు. కాలు ఎక్కడ పెడుతున్నానో కనిపించకపోతే ప్రాణం మీదికి వస్తుందని అవతలి యువకుడు బదులిచ్చాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ముడి వేయడానికీ, ఎర గుచ్చడానికీ, చేపను గాలం నుంచి విడిపించడానికీ, నడవడానికీ లైటు కావాలి. సముద్రాన్ని చూడటానికి అక్కరలేదు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఎదురుగా ఒక్క తెల్లటి వెలుగు క్షణకాలం పడితే చాలు. అందువల్ల తడి రాయి మీద నిలబడ్డవాని ముఖాన మరొకరు తల తిప్పి లైటు వేస్తే, అది మర్యాదకే కాక అతని క్షేమానికీ సంబంధించిన విషయమవుతుంది.

రాతిగట్టు:

తూర్పుగాలి గారూ, మీరు చెప్పినదంతా ఇసుక ఒడ్డున కూర్చునేవారికి సరిపోతుంది. నేను గాలం వేసేది రాళ్ళ మీద. పోటు వచ్చే వేళ కింది రాయి మీద నాచు తడిసి ఉంటుంది, నాలుగైదు చిన్న కెరటాల తరువాత ఒక పెద్ద కెరటం లేస్తుంది, అది ముందుగా కనిపించాలంటే నీటి మీదికే లైటు వేయాలి. ఇక గాలానికి జెల్ల పడితే దాని రెక్కల ముల్లు, టేకు చేప పడితే దాని తోక ముల్లు చీకట్లో చేతికి దిగితే ఆ నొప్పి ఎలా ఉంటుందో అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు. మంచి లైటు లేకుండా రాళ్ళ మీదికి దిగమని ఎవరికీ నేను సలహా ఇవ్వను.

వెలుగు పడితే చేప పారిపోతుందన్న మాటనూ నేను అంగీకరించను. ఫిషింగ్ హార్బరులో రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఆ వెలుగులోకి చిన్న చేపలు గుంపులుగా వస్తాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. వంతెన దీపాల కింద పండుగప్ప వెలుగుకూ నీడకూ మధ్య గీత మీద కాచుకుని ఉంటుందని గాలం పట్టినవారందరికీ తెలుసు. మరి మన టార్చి వల్లనే చేప బెదురుతుందని ఎలా నమ్మాలి?

నీటినీడ:

రాతిగట్టు గారు హార్బరు ఉదాహరణను సరిగానే చెప్పారు, అయితే అది ఆయన వాదనకు కాక ఎదుటి వాదనకు ఎక్కువ పనికి వస్తుంది. హార్బరు దీపం కదలదు. సాయంత్రం వెలిగినది తెల్లవారే దాకా ఒకే చోట ఒకే తీరుగా ఉంటుంది, చేపకు అది పరిసరాల్లో ఒక భాగమైపోతుంది. తల టార్చి అలా కాదు. చీకట్లో నుంచి హఠాత్తుగా వచ్చి, ఊగి, ఆరిపోయి, మళ్ళీ మరో వైపు నుంచి వస్తుంది. చేపకు కనురెప్పలు లేవు. చాలా రకాల ఎముక చేపల్లో కంటిపాప మన కంటిపాపలాగా వెలుగుకు తగ్గట్టు ముడుచుకోదు. కంటి లోపలి పొరలో కణాలు స్థానం మార్చుకుని వెలుగుకు సర్దుకోవాలి, దానికి ఎన్నో నిమిషాలు కావాలి. అంతవరకు దాని చూపు చెదిరే ఉంటుంది.

ఇంకొక సంగతి ఉంది. నీటి అడుగున ఉన్న చేపకు పై లోకమంతా తల మీద దాదాపు 97 డిగ్రీల వెడల్పు గల ఒక గుండ్రని కిటికీలోనుంచి కనిపిస్తుంది. ఇసుక ఒడ్డున నిలబడి దూరంగా వేసిన వెలుగు నీటిని చాలా ఏటవాలుగా తాకుతుంది కనుక అందులో ఎక్కువ భాగం పైనే ప్రతిఫలించిపోతుంది. ఎత్తైన రాయి మీద నుంచి కిందికి వేసిన వెలుగు మాత్రం నేరుగా లోపలికి దిగుతుంది, దానితో పాటు మన కదలికా, నీడా దిగుతాయి. అంటే లైటు అవసరం ఎక్కువని రాతిగట్టు గారు చెబుతున్న చోటే దాని చెరుపు కూడా ఎక్కువ. ఈ చిక్కును విప్పకుండా ఏ పక్షమూ గెలవదని నా ఉద్దేశం.

తెప్పకొయ్య:

మీరందరూ ఒడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నారు. మాది వేట మీద బతికే కుటుంబం కనుక సముద్రం వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

చీకటి ఉండగానే ఫైబరు బోటు ఒడ్డుకు తిరిగి వస్తున్నప్పుడు బోటు నడిపేవాని పని అంతా కళ్ళతోనే. వెనుక నుంచి లేచే కెరటాన్ని గమనించుకుంటూ, రెండు కెరటాల నడుమ ఖాళీ దొరికినప్పుడు ఇంజను పెంచి ఒక్క ఊపున ఇసుక మీదికి ఎక్కించాలి. సరిగ్గా ఆ సమయంలో ఒడ్డు మీద నుంచి తెల్లటి లైటు ముఖాన పడితే కెరటమూ కనిపించదు, ఇసుకా కనిపించదు. బోటు అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. ఆ లైటు వేసినవారికి ఎదురుగా బోటు ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే వారికి తమ వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది, దాని అవతల అంతా నల్లగా ఉంటుంది.

మా వాళ్ళు కొండల ఆనవాలు, ఊరి దీపాల ఆనవాలు కలిపి చూసుకుని తమ పాలెం ఎదురుగా ఉన్నారో లేదో తెలుసుకుంటారు. బోటు ఆలస్యమైతే ఒడ్డున ఉన్న ఇంటివారు టార్చి ఊపి దిగవలసిన చోటు చూపడమూ ఉంది. సరదాకు నీటి వైపు లైటు ఊపితే అది పిలుపు అనుకునే ప్రమాదం ఉంది. చాలా టార్చీలలో ఉండే మినుకు మినుకుమనే మీట ఇంకా చెడ్డది. ఆగి ఆగి వెలిగే వెలుగు సముద్రంలో ఉన్నవానికి లైట్‌హౌసును గానీ, దారి గుర్తుగా నీటిలో తేలే బోయాను గానీ గుర్తు చేస్తుంది. ఓడలు ఢీకొనకుండా ఉండటానికి ఏర్పడ్డ అంతర్జాతీయ నియమాల్లో 36వ నియమం, ఇతరుల దృష్టిని ఆకర్షించడానికి వేసే వెలుగు దారి చూపే దీపాలతో పొరబడేలా ఉండకూడదనీ, తీవ్రంగా మెరిసి ఆరే దీపాలను వాడరాదనీ చెబుతుంది. అది ఓడలకు పెట్టిన నియమమే అయినా దానిలోని కారణం ఒడ్డుకూ వర్తిస్తుంది.

తూర్పుగాలి:

తెప్పకొయ్య గారూ, ఈ కోణం నాకు తట్టలేదు, చెప్పినందుకు సంతోషం. ఒక సందేహం. తెలుపు మానేసి ఎరుపు లైటు వాడితే మీకు ఇబ్బంది తగ్గుతుందా? పడవలకు ఎడమ పక్కన ఎరుపు, కుడి పక్కన ఆకుపచ్చ దీపాలు ఉంటాయి కదా, అందుకని అడుగుతున్నాను.

తెప్పకొయ్య:

నేల వైపు వంచిన మసక ఎరుపు లైటుతో మాకు ఏ ఇబ్బందీ లేదు. అదే ఎరుపును నీటి వైపు ఎత్తి పట్టుకుంటే మాత్రం దూరం నుంచి అది ఏమిటో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది.

ఇసుకమేట:

నేను తాబేళ్ళ సంరక్షణలో స్వచ్ఛందంగా పని చేస్తుంటాను కనుక ఇసుక ఒడ్డుల గురించి చెబుతాను. రాళ్ళ మీద నా మాట అంతగా వర్తించదు.

మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత రక్షణ పొందే జీవుల పట్టికలో, వీటికి చోటు ఉంది. ఒడ్డుకు ఎక్కుతున్న తల్లి తాబేలుకు వెలుగు గానీ కదలిక గానీ కనిపిస్తే, గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళిపోవచ్చు. గుడ్లు పెట్టడం మొదలైన తరువాత అది అంతగా పట్టించుకోదు, కాబట్టి అసలు నష్టం అది గుంత తవ్వక ముందే జరుగుతుంది, లైటు వేసినవానికి తెలియకుండానే జరుగుతుంది.

ఇక పిల్లల సంగతి. అటవీ శాఖ గుడ్లు సేకరించి కంచె వేసిన కేంద్రాల్లో పొదిగిస్తుంది గానీ కంటికి చిక్కని గూళ్ళు ఒడ్డు మీద మిగిలే ఉంటాయి. సుమారు నెలన్నర నుంచి రెండు నెలలకు, సాధారణంగా ఇసుక చల్లబడ్డ రాత్రివేళ, పిల్లలు గుంపుగా బయటికి వస్తాయి. మనుషుల దీపాలు లేని చోట అన్నిటికంటే తేటగా ఉండే దిక్కు సముద్రమే కనుక అవి వెలుగు వైపు నడుస్తాయి. వెనుక లైటు ఉంటే ఆ వైపే నడుస్తాయి, కుక్కలకూ పీతలకూ దొరుకుతాయి, లేదా తెల్లవారి ఎండకు చనిపోతాయి. నీలం, ఆకుపచ్చ, తెలుపు వెలుగులు వీటిని ఎక్కువగా లాగుతాయి. ఎరుపు, ముదురు పసుపు తక్కువగా లాగుతాయి. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో దీపాలు కిందికి ఉండాలనీ, కప్పు ఉండాలనీ, తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లకు తగ్గకూడదనీ (అంటే నీలం, ఆకుపచ్చ వైపు కాక పసుపు, ఎరుపు వైపు వెలుగే ఉండాలనీ) నియమం పెట్టుకోవడానికి కారణం ఇదే. అయితే ఎరుపు అన్నంత మాత్రాన పూర్తిగా నిరపాయకరం కాదు. తాబేలు కనిపిస్తే ఎరుపునూ ఆర్పివేయాలి, సెల్‌ఫోను ఫ్లాషుతో ఫోటో తీయడం అసలే వద్దు.

రాతిగట్టు:

అందరి మాటలూ చదివాను. కొన్ని అంగీకరిస్తాను, కొన్నిటికి ఎదురు చెబుతాను.

ఎరుపు లైటును సర్వరోగ నివారిణిలాగా చెబుతున్నారు. ఎరుపు వెలుగులో నాచు ఉన్న రాయికీ తడి రాయికీ తేడా తెలియదు, చేతికి గాయమై రక్తం కారుతున్నా స్పష్టంగా కనిపించదు, ఎరుపు రంగు దారమైతే మాయమే అవుతుంది. అందుకని నేను ఎరుపుతో పాటు మసక పసుపు లైటును నడుము దగ్గర కట్టుకుంటాను. అది కాళ్ళ ముందు పడుతుంది, తల తిప్పినప్పుడల్లా ఎవరి ముఖానా పడదు. ముడి వేయడానికి ఇరవై, ముప్పై ల్యూమెన్లు చాలు. పెద్ద లైటు సంచిలో ఉంటుంది, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ దారి చూసుకోవడానికి మాత్రమే తీస్తాను. కెరటాల సంగతి మాత్రం వేరు. బోట్లు దిగని రాళ్ళ దగ్గర అప్పుడప్పుడు నీటిని ఒకసారి చూసుకునే హక్కును నేను వదులుకోను.

ఇంకొకటి ఉంది. బీచి రోడ్డు పొడవునా స్తంభాల దీపాలు, హోటళ్ళ లైట్లు రాత్రంతా సముద్రం మీద పడుతున్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు గానీ ఒక్క టార్చి పట్టుకున్నవాడు మాత్రం అందరికీ లోకువ అయిపోయాడు.

ఇసుకమేట:

ఆ దీపాల గురించి మేము మాట్లాడుతూనే ఉన్నాము, అర్జీలూ ఇస్తూనే ఉన్నాము. కాని మీ వాదన ఇక్కడ అతకదు. రోడ్డు దీపాలు లేని చీకటి చోటు వెదుక్కునే కదా మనం గాలం వేయడానికి వెళ్ళేది? తాబేలు వెదుక్కునేదీ ఆ చోటే. వెలుగు నిండిన ఒడ్డున మరొక టార్చి పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు, చీకటి మిగిలిన ఒడ్డున మాత్రం తప్పక వస్తుంది.

కొత్తగాలం:

పెద్దల చర్చలో దూరుతున్నందుకు మన్నించండి. నేను నీటిలో దించే ఆకుపచ్చ ఎల్‌ఈడీ లైటు కొన్నాను. దాని చుట్టూ మొదట నీటిలో తేలే సూక్ష్మజీవులు (ప్లవకాలు), తరువాత కవళ్ళ వంటి చిన్న చేపలు చేరుతున్నాయి. ఇది ఎవరి కళ్ళలోనూ పడదు, కదలదు కూడా. అయినా పక్కన గాలం వేస్తున్నవారు తీసేయమన్నారు, అది చట్ట విరుద్ధమని కూడా అన్నారు. నిజమేనా?

నీటినీడ:

చట్టం విషయంలో వారు రెండు సంగతులను కలిపి చెప్పి ఉంటారు. ఎల్‌ఈడీ లైట్లతో చేపలు పట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించిన మాట నిజం, కాని ఆ ఉత్తర్వు మన దేశపు సముద్ర ఆర్థిక మండలిలో, అంటే రాష్ట్రాల పరిధికి అవతల 200 నాటికల్ మైళ్ళ వరకు ఉన్న జలాల్లో, వేటాడే పడవలను ఉద్దేశించినది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు వేట రాష్ట్రాల పరిధిలో ఉంటుంది కనుక, ఒడ్డు సంగతి మీ ప్రాంతపు మత్స్య శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. నిషేధం వెనుక ఉన్న కారణం మాత్రం మీ లైటుకూ చిన్న ఎత్తున వర్తిస్తుంది. వెలుగు చేపను వెదకదు, చుట్టుపక్కల నుంచి లాగి ఒకచోట పోగు చేస్తుంది, పిల్లచేపలతో సహా.

తూర్పుగాలి:

కొత్తగాలం గారూ, చట్టం పక్కన పెట్టినా పక్కవారి అభ్యంతరం న్యాయమైనదే. మీ కన్నా ముందు వచ్చి చీకట్లో కూర్చున్నవారి ఎదుట నుంచి చేపను మీ వైపు లాగడం, మీ వల వారి దారం మీద వేయడం వంటిదే. ముందు వచ్చినవారిని అడగండి, కాదంటే చాలా దూరం జరగండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇసుక ఒడ్డున మాత్రం ఆ లైటును ఇంట్లోనే ఉంచండి. ఇసుకమేట గారు చెప్పినట్లు ఆకుపచ్చ వెలుగు తాబేలు పిల్లలను లాగుతుంది.

రాతిగట్టు గారూ, నడుము లైటు మంచి ఉపాయం, నేనూ పాటిస్తాను. అప్పుడప్పుడు నీటి మీదికి వేసే హక్కు గురించి మాత్రం మనకు ఇంకా కుదరలేదు. ఒడ్డున మరెవరూ లేనప్పుడు సరే. ఎవరైనా ఉంటే ముందు నోటితో చెప్పి, వారు కళ్ళు మరల్చుకున్నాక వేయవచ్చు కదా?

రాతిగట్టు:

చెప్పి వేస్తాను. అడిగి వేయను. కెరటం నా అనుమతి కోసం ఆగదు.

తెప్పకొయ్య:

ఆ తేడా మీరిద్దరూ తేల్చుకోండి. బోట్లు దిగే చోటు మాత్రం ముందుగా తెలుసుకోండి, అది అంత కష్టం కాదు. పగటిపూట ఇసుక మీద బోట్లు లాగి ఉంచిన చోటు చూడండి, దానికి రెండు వైపులా కనీసం ఒక ఫర్లాంగు వదిలి కూర్చోండి. పాలెంలో ఎవరినైనా అడిగితే ఆ రాత్రి బోట్లు వెళ్ళాయో లేదో, ఏ వేళకు తిరిగి వస్తాయో చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, అప్పుడు బోట్లేవీ ఉండవనుకోవద్దు. నిషేధం మరబోట్లకూ మోటారు బోట్లకూ గానీ, తెడ్డు వేసుకుని వెళ్ళే తెప్పలకు కాదు. వాటికి దీపం కూడా ఉండదు.