స్కాట్లాండ్ ఎంపీల పట్టిక: 56 వేయాలా, 54 వేయాలా?

ప్రశ్న

నమస్కారమండి. స్కాట్లాండ్‌లోని మా తెలుగు సంఘం పత్రికకు 2015–17 బ్రిటన్ పార్లమెంటులో స్కాట్లాండ్ ప్రాతినిధ్యం గురించి వ్యాసం రాస్తున్నాను. వ్యాసం పక్కన ఒక పట్టిక కూడా ఇవ్వాలి. చిక్కంతా దానితోనే వచ్చింది. స్కాటిష్ నేషనల్ పార్టీకి ఒకచోట 56 మంది ఎంపీలని ఉంది, మరోచోట 54 అని ఉంది. ఉప ఎన్నికల్లో ఓడిపోయారేమో అని వెతికితే అలాంటివేవీ కనిపించలేదు. స్కాట్లాండ్ మొత్తం సభ్యుల సంఖ్య కూడా 57, 59, 72, 129 అని రకరకాలుగా ఉంది. ఈ వారంలోనే పత్రిక అచ్చుకు వెళ్తుంది. ఏ అంకె వేయమంటారు? అంతమంది గెలిచి వెళ్లి ఆ రెండేళ్లలో ఏం చేయగలిగారన్నది కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

మొదటి జవాబు

రెండు అంకెలూ సరైనవేనండి, తేదీలే వేరు. 2015 మే 7న జరిగిన ఎన్నికల్లో స్కాటిష్ నేషనల్ పార్టీ గెలిచినవి 56. అదే ఏడాది సెప్టెంబరులో ఎడిన్‌బరా వెస్ట్ సభ్యురాలు మిషెల్ థామ్సన్, నవంబరులో గ్లాస్గో ఈస్ట్ సభ్యురాలు నాటలీ మెక్‌గ్యారీ పార్టీ విప్‌కు, అంటే సభలో పార్టీ సభ్యత్వానికి, దూరమయ్యారు. అప్పటినుంచి సభ రద్దయ్యే వరకు ఇద్దరూ స్వతంత్రులుగానే కూర్చున్నారు. అందుకే చివర్లో 54. ఆ సభాకాలంలో స్కాట్లాండ్‌లోని కామన్స్ (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) స్థానాల్లో ఒక్క ఉప ఎన్నిక కూడా జరగలేదు. మే 2015లో గెలిచిన 59 మందే మే 2017 దాకా ఉన్నారు. మారినది ఇద్దరి పేర్ల పక్కన ఉన్న పార్టీ మాత్రమే.

కాబట్టి పార్టీకి ఒకే గడి పెట్టకండి. ‘గెలిచిననాడు’ అని ఒకటి, ‘సభ రద్దయిననాడు’ అని ఇంకొకటి పెట్టండి. మొదటి గడిలో స్కాటిష్ నేషనల్ పార్టీ 56, లేబర్ 1, కన్సర్వేటివ్ 1, లిబరల్ డెమోక్రాట్ 1. రెండో గడిలో 54, 1, 1, 1, స్వతంత్రులు 2. రెండు వరుసలూ కూడితే 59 రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటు దొర్లిందన్నమాట.

మిగతా అంకెల సంగతి: 2005కు ముందు కామన్స్ సభలో స్కాట్లాండ్‌కు 72 స్థానాలుండేవి. ఎడిన్‌బరాలో సొంత శాసనసభ వచ్చాక వాటిని 59కి తగ్గించారు. 2024 నుంచి 57. ఇక 129 అనేది ఎడిన్‌బరాలోని ఆ స్కాటిష్ పార్లమెంటు సభ్యుల సంఖ్య. దానికి లండన్ సభతో సంబంధం లేదు. మీ పట్టికలోకి ఆ అంకెను రానివ్వకండి.

రెండో జవాబు

పై జవాబుకు కొంత జోడిస్తాను. అంకెలతోనే సరిపెడితే ఆ ఎన్నిక ఎంత పెద్ద కుదుపో పాఠకుడికి తెలియదు. 2010లో స్కాట్లాండ్ నుంచి లేబర్‌కు 41 మంది, లిబరల్ డెమోక్రాట్లకు 11 మంది ఎంపీలు ఉన్నారు. స్కాటిష్ నేషనల్ పార్టీకి 6. అయిదేళ్లలో ఆ బొమ్మ పూర్తిగా తిరగబడింది. గ్లాస్గోలోని ఏడు స్థానాలూ లేబర్ నుంచి స్కాటిష్ నేషనల్ పార్టీకి చేతులు మారాయి. లేబర్ మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ పోటీ నుంచి తప్పుకోవడంతో ఖాళీ అయిన కిర్కాల్డీ స్థానం కూడా పోయింది. లేబర్ తరఫున విదేశాంగ వ్యవహారాలు చూస్తున్న డగ్లస్ అలెగ్జాండర్‌ను పెయిస్లీలో ఓడించినది ఇరవై ఏళ్ల విద్యార్థిని మైరీ బ్లాక్.

మిగతా పార్టీల నుంచి నెగ్గుకొచ్చిన ఆ ముగ్గురి పేర్లు తప్పకుండా వేయండి, మెజారిటీలతో సహా. అధికార కన్సర్వేటివ్ పార్టీకి చెందిన డేవిడ్ మండెల్ 798 ఓట్లతో, ఆర్క్‌నీ–షెట్లాండ్ దీవుల నుంచి అలిస్టర్ కార్‌మైకేల్ (లిబరల్ డెమోక్రాట్) 817 ఓట్లతో, ఎడిన్‌బరా సౌత్ నుంచి ఇయన్ మర్రీ (లేబర్) 2,637 ఓట్లతో బయటపడ్డారు. అటూ ఇటూ కొన్ని వందల ఓట్లు కదిలి ఉంటే ఆ 56 కాస్తా 58 అయ్యేది.

ఓట్ల శాతం వేయకుండా పట్టిక అచ్చు వేయవద్దని నా గట్టి విన్నపం. స్కాట్లాండ్‌లో ఆ పార్టీకి వచ్చినవి సరిగ్గా సగం ఓట్లు, స్థానాలు 95 శాతం. 24 శాతం ఓట్లు తెచ్చుకున్న లేబర్‌కు దక్కినది ఒక్కటంటే ఒక్కటి. మన లోక్‌సభ ఎన్నికల మాదిరిగానే అక్కడా అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు. రెండో స్థానానికి విలువ లేదు. 2017లో స్కాట్లాండ్‌లో లిబరల్ డెమోక్రాట్ల ఓట్లు 7.5 నుంచి 6.8 శాతానికి తగ్గాయి, స్థానాలు మాత్రం ఒకటి నుంచి నాలుగుకు పెరిగాయి! స్థానాలొక్కటే చూపిస్తే స్కాట్లాండ్ అంతా ఒకే గొంతుతో మాట్లాడినట్లు కనిపిస్తుంది. మిగతా సగం మంది ఓటర్లకు అది అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. రెండు గడుల ఆలోచన చాలా బాగుంది, అలాగే చేస్తున్నాను. మరి చివరి సందేహం? కామన్స్ సభలో 650 మంది ఉంటారు కదా, అందులో 56 మంది మాట చెల్లుబాటైందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

చెల్లిన సందర్భాలు తక్కువండి, కానీ ఉన్నాయి. ముందు హోదా సంగతి చెప్పాలి. మూడో పెద్ద పార్టీ కావడంతో వారి నాయకుడు ఆంగస్ రాబర్ట్‌సన్‌కు ప్రతి బుధవారం ప్రధానమంత్రిని రెండు ప్రశ్నలు అడిగే వీలు దక్కింది. స్కాట్లాండ్ వ్యవహారాల కమిటీకి పీట్ విషార్ట్ అధ్యక్షుడయ్యారు. అటువైపు ప్రభుత్వానికి స్కాట్లాండ్ నుంచి ఉన్నది మండెల్ ఒక్కరే, ఆయనే స్కాట్లాండ్ మంత్రి. 2016లో ఇయన్ మర్రీ ఆ బాధ్యత నుంచి (ఎంపీ పదవి నుంచి కాదు) తప్పుకున్నాక లేబర్ తన స్కాట్లాండ్ ప్రతినిధిగా ఇంగ్లండ్‌లోని బ్లేడన్ ఎంపీని పెట్టుకోవలసి వచ్చింది. ఉన్న ఒక్కరూ తప్పుకుంటే ఇంకెవరున్నారు?

ఓటింగుకు వస్తే, మీ వ్యాసంలో 2016 మార్చి 9 నాటి ఘట్టానికి చోటివ్వండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆదివారం దుకాణాలు తెరిచే వేళలను పెంచాలని ప్రభుత్వం చూసింది. స్కాట్లాండ్‌లో ఆ ఆంక్షే లేదు. అయినా వేళలు పెరిగితే స్కాట్లాండ్ దుకాణాల్లో ఆదివారం పనికి ఇచ్చే అదనపు వేతనానికి గండి పడుతుందని స్కాటిష్ నేషనల్ పార్టీ వ్యతిరేకించింది. అధికార పక్షం నుంచి ఇరవై మందికి పైగా ఎదురు తిరిగారు. 317–286తో ప్రభుత్వం ఓడిపోయింది.

అప్పటికే 2015 అక్టోబరులో ‘ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ ఓట్లు’ అనే నిబంధన వచ్చింది కదా, మరి ఇదెలా సాధ్యమైంది అని మీ పాఠకులు అడగవచ్చు. ఇంగ్లండ్‌కే పరిమితమైన అంశాన్ని ఇంగ్లండ్ ఎంపీలు అడ్డుకునే హక్కును మాత్రమే ఆ నిబంధన ఇచ్చింది. మొత్తం సభ కాదన్నదాన్ని నెగ్గించుకునే హక్కు ఇవ్వలేదు. 2021లో ఆ నిబంధనను ఎత్తివేశారు.

అధికార పక్షంలో చీలిక లేనప్పుడు మాత్రం 56కు బలం లేదు. స్కాట్లాండ్‌కు ఆదాయపు పన్ను అధికారాలు ఇచ్చిన 2016 చట్టంపై చర్చలోనే వారి సవరణలు వరుసగా వీగిపోయాయి. యూరప్ నుంచి వైదొలగే ప్రక్రియకు అనుమతినిచ్చిన బిల్లు 2017 ఫిబ్రవరిలో 494–122తో గట్టెక్కింది. అంతకు ముందు ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో స్కాట్లాండ్ 62 శాతం యూరప్‌లో ఉండాలనే ఓటు వేసింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి, మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

రెండో జవాబు ఇచ్చినవారు

ఒక్క మాట. మీ పత్రిక చదివేవారిలో భారత పాస్‌పోర్టు ఉన్నవారే ఎక్కువమంది ఉంటారు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే కామన్‌వెల్త్ దేశాల పౌరులకు కామన్స్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది, భారతీయులకు కూడా. పేరు నమోదు చేసుకోవాలి, గడువు పోలింగుకు 12 పని దినాల ముందు ముగుస్తుంది. చాలామంది మనవాళ్లు ఇది తమకు వర్తించదనుకుని ఊరుకుంటున్నారు. పట్టిక కింద రెండు వాక్యాల చోటు మిగిలితే ఇది వేయండి.

ప్రశ్న అడిగినవారు

తప్పకుండా వేస్తానండి. చోటు చాలకపోతే 72 గురించిన వాక్యం తీసేస్తాను.