లిఫ్టు లేని పాత సముదాయంలో పెద్దవాళ్ల కోసం ముందుగా ఏ పని చేపట్టాలి?

ప్రశ్న (నివాసుల సంఘం కార్యదర్శి)

మాది దాదాపు నలభై ఏళ్ల కిందట కట్టిన నివాస సముదాయం. నాలుగు అంతస్తుల భవనాలు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కదానికీ లిఫ్టు లేదు. ముప్పయ్యో ముప్పయ్యయిదో ఏట ఇళ్లు కొనుక్కుని వచ్చినవారే ఇప్పుడు డెబ్బై దాటి అవే ఇళ్లలో ఉంటున్నారు. పిల్లల్లో ఎక్కువమంది వేరే చోట స్థిరపడ్డారు. మరమ్మతుల నిధి కింద కొంత సొమ్ము పోగైంది. దానితో ముఖద్వారాన్ని కొత్తగా కట్టించి, పార్కును అందంగా తీర్చిదిద్దుదామని కొందరు, లిఫ్టులే పెట్టిద్దామని మరికొందరు పట్టుబడుతున్నారు. విచారిస్తే ఆ నిధి రెండు భవనాల లిఫ్టులకైనా సరిపోదని తేలింది. ఈ వాదనల మధ్యలోనే, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ కిందికి దిగి అయిదు నెలలయిందని మొన్నటి సమావేశంలో బయటపడింది. ఆవిడ ఇంటి కిటికీ కిందనుంచి నేను రోజూ వెళ్తూనే ఉన్నాను, నాకూ ఆ సంగతి తెలియదు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందో ఏది వెనకో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (పాత భవనాల మరమ్మతు పనులు చూసే ఆర్కిటెక్టు)

కార్యదర్శి గారూ, పనుల జాబితాను కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక దారిని ఎంచుకోండి. పెద్దవాళ్లు ఎక్కువగా వెళ్లే చోటు ఏదో, అది బస్టాపు కావచ్చు, మందుల షాపు కావచ్చు, అడిగి తెలుసుకోండి. ఆపైన మీ సముదాయంలో చేతికర్రతో నడిచేవారిని ఒకరిని, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడిచేవారిని ఒకరిని బతిమాలి, ఇంటి గుమ్మం దగ్గరనుంచి అక్కడిదాకా వారి వెనకే నడవండి. చేతిలో ఒక టేపు, ఒక సుద్దముక్క, సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు. వారు ఎక్కడ ఆగినా, ఎక్కడ గోడను పట్టుకున్నా, ఎక్కడ దారి తప్పించి రోడ్డు మీదికి దిగినా అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. సలహాలు చెప్పకండి, చెయ్యి పట్టుకోకండి, పడిపోయేలా ఉంటే తప్ప.

ఇంత చాదస్తంగా ఎందుకు చెబుతున్నానంటే, దారిలో తొమ్మిది చోట్లు బాగుండి ఒక్క చోట అడుగు పడకపోయినా పెద్దవాళ్ల మట్టుకు ఆ దారి మొత్తం మూసుకుపోయినట్టే. కొత్త పార్కు కట్టినా దాని గేటు దగ్గర పదిహేను సెంటీమీటర్ల గట్టు ఉంటే అది పిల్లలకూ పడుచువాళ్లకూ మాత్రమే పార్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోవృద్ధులకు అనువైన నగరాల గురించి 2007లో వెలువరించిన మార్గదర్శిని 33 నగరాల్లో పెద్దవాళ్లనూ వారిని చూసుకునేవారినీ అడిగి రూపొందించారు. అందులో బహిరంగ స్థలాలు, రవాణా, నివాసం మొదలుకొని ఆరోగ్య సేవల దాకా 8 విభాగాలున్నాయి. మీ సంఘానికి వాటిలో మొదటి మూడూ చాలు, తక్కినవి ఒక సముదాయం ఒంటరిగా మోయగలిగిన బరువు కాదు.

నడిచి చూసినప్పుడు నాకు తరచుగా కనిపించేవి ఇవి. భవనం మెట్లకూ నేలకూ మధ్య మొదటి మెట్టు ఎత్తు మిగతావాటితో సమానంగా ఉండదు, ఎందుకంటే రోడ్డు మీద పొర మీద పొర వేసినప్పుడల్లా ఆ ఎత్తు మారిపోతుంది. మ్యాన్‌హోల్ మూతలు దారికంటే రెండు మూడు అంగుళాలు పైకి లేచి ఉంటాయి. కాలువ మీది పలకల మధ్య సందులో చేతికర్ర కొన దిగిపోతుంది. నడిచే దారిలో బైకులు నిలిపి ఉంటాయి. వీటిలో చాలావాటికి లిఫ్టు ఖర్చులో పిసరంత కూడా కాదు, కొన్నిటికి అసలు ఖర్చే లేదు.

ర్యాంపు విషయంలో మాత్రం తొందరపడకండి. ప్రతి ఒక సెంటీమీటరు ఎత్తుకు కనీసం 12 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంటే 15 సెంటీమీటర్ల ఒక్క మెట్టుకు 1.8 మీటర్లు, మూడు మెట్లకు 5.4 మీటర్లు. చోటు లేదని నిటారుగా కట్టేసిన ర్యాంపు మెట్లకంటే ప్రమాదం, దాని మీద దిగే చక్రాల కుర్చీని పట్టి ఆపడానికి ఇద్దరు బలమైన మనుషులు కావాలి. చోటు లేని చోట మెట్లను వెడల్పు చేసి, రెండువైపులా చేతిపట్టీలు పెట్టి వదిలేయడమే మేలు.

ఇక రోడ్డు దాటడం. నడిచేవాళ్లు సెకనుకు 1.2 మీటర్లు వెళ్తారన్న లెక్కతో సిగ్నళ్ల వ్యవధిని నిర్ణయించడం చాలాకాలంగా వాడుకలో ఉంది. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారి మీద జరిపి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పురుషుల సగటు వేగం 0.9 మీటర్లు, స్త్రీలది 0.8 మీటర్లే అని తేలింది. 12 మీటర్ల రోడ్డును ఆ పాత లెక్క ప్రకారం 10 సెకన్లలో దాటాలి, 0.8 వేగంతో నడిచేవారికి 15 సెకన్లు పడుతుంది. ఆ అయిదు సెకన్ల తేడాలో అలా నడిచే పెద్దావిడ రోడ్డు మధ్యలో ఉంటుంది, వాహనాలు కదులుతాయి. సింగపూర్‌లో 2009 నుంచి పెద్దవాళ్లు తమ రాయితీ కార్డును సిగ్నల్ స్తంభానికి తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా దొరికే ఏర్పాటు చేశారు. మీ సంఘం అలాంటిది స్వయంగా చేయలేదు కానీ, మీరు గడియారంతో కొలిచిన సెకన్లను కాగితం మీద రాసి పురపాలక కార్యాలయానికి ఇస్తే, «మాకు ఇబ్బందిగా ఉంది» అన్న వినతిపత్రంకంటే దానికి విలువ ఎక్కువ. రోడ్డు మధ్యలో ఆగి నిలబడడానికి కాస్త చోటు అడగండి, సిగ్నల్ మార్చడంకంటే దానికి త్వరగా ఒప్పుకుంటారు.

జవాబు (వృద్ధుల పునరావాస చికిత్సలో పనిచేసే ఫిజియోథెరపిస్టు)

పై జవాబుతో ఏకీభవిస్తూ మెట్ల గురించి మాత్రం కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే లిఫ్టు వచ్చేదాకా, బహుశా వచ్చిన తరవాత కూడా, వాళ్లు వాడేది ఆ మెట్లనే.

మెట్లు ఎక్కడం కష్టమని మనం అనుకుంటాం కానీ పెద్దవాళ్లు గట్టిగా దెబ్బలు తినేది ఎక్కువగా దిగేటప్పుడే. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ కిందికి దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు, రెండు చేతులతో ఒకే పట్టీని పట్టుకుని దిగుతుంది. చేతిసంచిని ముందుగా కింది మెట్టు మీద పెట్టి, తాను ఒక మెట్టు దిగి, మళ్లీ సంచిని ఇంకో మెట్టు దించుతుంది. ఒక అంతస్తు దిగడానికి ఏడు నిమిషాలు. చూసినవాళ్లు వయసు మీద పడిందంటారు, కానీ కారణం గోడవైపు పట్టీ లేకపోవడం. ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది, ఉన్న ఒక్క పట్టీ దిగేటప్పుడు ఎడమవైపు వస్తుంది. పాత భవనాల్లో నూటికి తొంభై చోట్ల ఇంతే, పట్టీ ఒక్క వైపే ఉంటుంది.

అందువల్ల మీ మొదటి ఖర్చు గోడవైపు చేతిపట్టీ మీద పెట్టమని నా మనవి. మెట్టు అంచునుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో, పిడికిట్లో పూర్తిగా ఇమిడేలా 4 సెంటీమీటర్ల లావు గుండ్రని గొట్టం, గోడకూ దానికీ మధ్య వేళ్లు దూరేంత సందు ఉండాలి. చివరి మెట్టు దగ్గరే ఆపేయకుండా మరో 30 సెంటీమీటర్లు ముందుకు సాగాలి, ఎందుకంటే మెట్లు అయిపోయాయని కాలికి తెలియకముందే చెయ్యి ఖాళీ అయిపోతే అక్కడే తూలుతారు. వెడల్పాటి చెక్క పట్టీలూ నలుచదరపు గొట్టాలూ చూడడానికి బాగుంటాయి, పట్టుకోవడానికి పనికిరావు.

రెండోది వెలుతురు. కనుపాప చిన్నబడి, కంటి కటకం పసుపుబారడం వల్ల అరవై ఏళ్ల కంటి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. మీకు వెలుగుగా కనిపించే మెట్లు వారికి మసకగా ఉంటాయి. అలాగని కళ్లలోకి కొట్టే దీపం పెడితే ఇంకా ఇబ్బంది, కాబట్టి ప్రతి మలుపులోనూ నీడ పడకుండా మెత్తని దీపాలు పెట్టి, ప్రతి మెట్టు అంచునా మెట్టు రంగుకు భిన్నమైన గీత వేయించండి. గచ్చు మీద నల్లటి చుక్కలున్న రాళ్లు పరిస్తే మెట్టు ఎక్కడ అంతమైందో వారికి అసలు తెలియదు.

ప్రతి మలుపులో కూర్చోవడానికి ఒక మడత బల్ల గోడకు బిగించగలిగితే బిగించండి. ఆగి ఊపిరి తీసుకోవచ్చునన్న భరోసా ఉంటేనే చాలామంది బయలుదేరతారు. దారిలో వేసే బెంచీలకూ ఇదే సూత్రం: కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్ల చుట్టూ ఉండాలి, వీపుకు ఆనుకునే పలకా, లేచేటప్పుడు ఊతంగా చేతులూ తప్పనిసరి. చేతులు లేని అందమైన రాతి బెంచీ మీద ఒకసారి కూర్చున్నవారు రెండోసారి కూర్చోరు, లేవలేక.

జవాబు (తమ భవనానికి బయటనుంచి లిఫ్టు పెట్టించుకున్న ఒక సభ్యుడు)

లిఫ్టు వద్దని చెప్పను కానీ, సంతకం చేసేముందు ఒక్క సంగతి చూసుకోండి. పాత భవనాల్లో బయటి గోడకు ఆనుకుని ఉండేది ఎక్కువగా మెట్ల మధ్య మలుపు. లిఫ్టు గూడును అక్కడే తగిలిస్తారు, తలుపు మలుపులోకి తెరుచుకుంటుంది, కనుక దిగిన తరవాత కూడా సగం అంతస్తు, అంటే ఎనిమిదో తొమ్మిదో మెట్లు, ఎక్కడమో దిగడమో తప్పదు. మేము ఆ పొరపాటే చేశాం. చక్రాల కుర్చీలో ఉన్న మా పొరుగాయనకు ఆ లిఫ్టు ఈనాటికీ పనికిరాలేదు. బాల్కనీవైపునుంచి నేరుగా అంతస్తు ఎత్తుకే చేరే పద్ధతికి ఖర్చు, ఇంటి లోపలి మార్పులు ఎక్కువైనా అదే అసలైన పరిష్కారం.

కింది అంతస్తువారు వ్యతిరేకిస్తే వారిని స్వార్థపరులనకండి. వారి కిటికీకి వెలుతురు తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది, లాభం ఏమీ లేదు. మా దగ్గర కింది అంతస్తుకు వాటా లేకుండా, పైకి వెళ్లేకొద్దీ వాటా పెరిగేలా లెక్క వేశాక గాని మాటలు కుదరలేదు. చైనాలో 2000 చివరికి ముందు కట్టిన నివాస సముదాయాల పునరుద్ధరణకు 2020లో అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చిన తరవాత కూడా లిఫ్టుల దగ్గర పేచీ పడింది ఎక్కువగా ఇక్కడే. సింగపూర్‌లో ప్రభుత్వ గృహాలకు ప్రతి అంతస్తులో లిఫ్టు ఆగేలా 2001లో మొదలైన పథకంలో, ఒక భవనంలో అర్హులైన ఇళ్లలో 75 శాతం ఒప్పుకుంటేనే పని చేపట్టారు. మీరూ ఒక అంకె ముందే తీర్మానించుకోండి, ఓట్లు లెక్కపెట్టాక కాదు. గుంత తవ్వే చోట నీటి గొట్టాలూ మురుగు గొట్టాలూ పోతున్నాయేమో ముందే చూపించండి, కరెంటు పోతే లిఫ్టు దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరుచుకునే ఏర్పాటు ఒప్పందంలో రాయించండి.

జవాబు (అద్దె ఇంట్లో ఉంటున్న ఒక సభ్యురాలు)

ఇంతవరకు అందరూ సొంత ఇళ్లవారి గురించే రాశారు. మా సముదాయం బాగుపడిన ఏడాదికే అద్దెలు పెరిగి, ఎవరి కోసం పట్టీలు పెట్టారో వారిలో ముగ్గురు ఖాళీ చేశారు. పనికి ముందే ఇంటి యజమానులతో అద్దె గురించి రాతపూర్వకమైన మాట తీసుకోవడం సంఘానికి అసాధ్యం కాదు. అలాగే పని జరిగే రోజుల్లో మెట్లు మూసేస్తే పై అంతస్తుల వారు ఎటు వెళ్తారో, అత్యవసరమైతే ఎవరు దించుతారో కాగితం మీద ఉండాలి.

ఇంకొక మాట. కట్టడాల పనితో పాటు మనుషుల ఏర్పాటు కూడా కావాలి. వృద్ధుల కోసం కట్టకపోయినా కాలక్రమంలో వృద్ధులతో నిండిపోయిన ఇలాంటి సముదాయాల గురించి 1980లలో అమెరికాలో మైఖేల్ హంట్ రాశారు. న్యూయార్క్‌లోని పెన్ సౌత్ అనే సహకార గృహ సముదాయంలో 1986లో నర్సు, సామాజిక కార్యకర్త ఆ ఆవరణలోనే అందుబాటులో ఉండే పద్ధతి మొదలైంది. మీకు నర్సును పెట్టుకునే స్తోమత లేకపోవచ్చు, కానీ ఒంటరిగా ఉండేవారి ఇంటికి ప్రతిరోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసే వంతుల పట్టికకు ఏ ఖర్చూ లేదు. అయిదు నెలల సంగతి అప్పుడు అయిదో రోజునే తెలిసేది.

ప్రశ్న అడిగినవారి తిరుగు సందేశం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం చేతికర్రతో నడిచే ఒక పెద్దాయన వెనక నేనూ కోశాధికారీ నడిచాం. బస్టాపు దాకా పదకొండు సుద్ద గుర్తులు పడ్డాయి. వాటిలో ఏడు మా ఆవరణ లోపలివే, అందులో నాలుగు మా సొంత సభ్యుల బైకులు. రోడ్డు దాటడానికి పద్దెనిమిది సెకన్లు పట్టింది, మధ్యలో ఒక చెయ్యెత్తి వాహనాలను ఆయనే ఆపుకున్నారు. మూడో అంతస్తు పెద్దావిడను కలిసి అడిగితే, మెట్లు దిగగలననీ, మళ్లీ ఎక్కలేనేమోనన్న భయంతోనే దిగడం మానేశాననీ చెప్పారు. కాబట్టి మొదటి విడతలో ఆవిడ ఉండే భవనానికి గోడ పట్టీలు, దీపాలు, మలుపు బల్లలు అని తీర్మానించాం. ముఖద్వారం వాయిదా పడింది. ఇక ఒకటే సందేహం: ప్రవేశద్వారం దగ్గరి ఒక్క మెట్టుకు ర్యాంపు వేస్తామంటూ కాంట్రాక్టరు నునుపు చేసిన గ్రానైటు చూపిస్తున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు (ఆర్కిటెక్టు)

తీసుకోకండి. గరుకు తేల్చిన రాయి గానీ, చీపురుతో గీతలు పెట్టిన సిమెంటు గచ్చు గానీ అడగండి, ఆ గీతలు నడకకు అడ్డంగా ఉండాలి. ఏది చూపించినా ముందు ఒక పలకను వాలుగా పెట్టించి, దాని మీద నీళ్లు పోసి, కాంట్రాక్టరునే అరిగిన చెప్పులతో నడిచి దిగమనండి.