మీ మనసు దోచిన యుద్ధ విమానం ఏది? ఎందుకు?

రెక్కల_పిచ్చి: నాకు అమెరికా గూఢచారి విమానం ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ అంటే ప్రాణం. నేల మీదుంటే ట్యాంకుల అతుకుల్లోంచి ఇంధనం కారేది, పైకెళ్లి ఒళ్లు వేడెక్కితే లోహం సాగి అతుకులు బిగుసుకునేవి. 1976లో గంటకు 3,529 కి.మీ. అందుకుంది. మీకేది ఇష్టమో, ఎందుకో రాయండి. అలాగే మొదటిసారి ప్లాస్టిక్ మోడల్ కిట్ కొంటున్నా, ఏది తేలికో చెప్పండి.

డెల్టా21: మిగ్-21. దాన్ని ‘ఎగిరే శవపేటిక’ అని ఎవరన్నా నాకు కడుపు మండుతుంది. 1963 నుంచి 2025 సెప్టెంబరు 26 దాకా మన వైమానిక దళంలో ఉంది. 62 ఏళ్లు చాకిరీ చేసినదానికి ఇదా బిరుదు? సన్నటి ఒళ్లు, త్రికోణపు రెక్కలు, ముక్కులో కోన్. ఇంత పొందికైన జెట్ ఇంకోటి లేదు.

మాక్3: బ్లాక్‌బర్డ్ ముందు మిగతావన్నీ దిగదుడుపే. సోవియట్ మిగ్-25 చూడండి, టైటానియం చేతకాక ఉక్కుతో చేశారు. 1976లో సోవియట్ పైలట్ బెలెంకో దాంతో పారిపోయి జపాన్‌లోని హకొడాతేలో దింపాక విప్పి చూస్తే రాడార్‌లో పాతకాలపు వాక్యూమ్ ట్యూబులు!

ఉక్కుపక్షి: చేతకాకనా? మీ బ్లాక్‌బర్డ్‌కి టైటానియం సోవియట్ యూనియన్ నుంచే డొల్ల కంపెనీల పేరుతో కొన్నారు. అమ్మినవాళ్లకు చేతకాదా? నికెల్ ఉక్కు వాడింది వెల్డింగ్ సులువని, త్వరగా ఎక్కువ చేయొచ్చని. మిగ్-25లు 1,100కు పైగా వచ్చాయి, బ్లాక్‌బర్డ్‌లు 32. ఆ ట్యూబుల రాడార్‌కి జామింగ్‌ను, అంటే రాడార్‌ను గందరగోళపరిచే శత్రువు సంకేతాలను, చీల్చుకుపోయేంత పవర్ ఉండేది.

మాక్3: గూఢచారి విమానాన్ని లెక్కపెట్టి తూస్తారా? ఆ 32లో ఒక్కదాన్ని కూడా శత్రువు కూల్చలేకపోయాడు. ముందు చదివి రండి.

లోహకారుడు: పద్దెనిమిదేళ్లుగా టైటానియం వెల్డింగే నా పని, కాస్త వినండి. వేడి మీద గాలి తగిలితే అది ఆక్సిజన్ పీల్చుకుని పెళుసైపోతుంది. ఆర్గాన్ వాయువు కప్పి ఉంచాల్సిందే. బ్లాక్‌బర్డ్ తయారీలో కాడ్మియం పూతున్న పానాలు వాడితే బోల్టుల తలలు ఊడిపోయాయి. వేసవిలో క్లోరిన్ కలిపిన నీళ్లతో కడిగితే వెల్డింగులు పాడయ్యాయి. ఈ పని ఒక్కరోజు చేసినవాళ్లెవరూ ఉక్కు వాడినవాళ్లను ‘చేతకాక’ అనరు.

మాక్3: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. బ్లాక్‌బర్డే గొప్ప అన్నది మాత్రం తీసుకోను.

హరికేన్_అభిమాని: జెట్లేనా? 1940లో బ్రిటన్ మీద జరిగిన గగనతల యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్లలో స్పిట్‌ఫైర్ కన్నా ఎక్కువ శత్రు విమానాలను కూల్చింది హరికేన్. వెనక భాగం గుడ్డ కప్పింది కావడంతో, తూటా దూసుకుపోయినా అతుకేసి మళ్లీ ఎగరేసేవాళ్లు. కష్టం దీనిది, పేరు దానిది. ఎవరైనా స్పిట్‌ఫైర్ అందం గురించి మొదలెట్టేలోపే ఇది రాయాలనిపించింది.

రెక్కల_పిచ్చి: కిట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

డెల్టా21: మిగ్-21 కొనండి, 1:72 సైజు (అసలుదానిలో 72వ వంతు). ఒకే ఇంజిన్, ప్రొపెల్లర్ గొడవ లేదు, సిల్వర్ రంగు ఒక్కటి చాలు. సిల్వర్ మీద చిన్న గీత కూడా కనబడుతుంది కాబట్టి అతుకులు బాగా రుద్దండి. ముక్కులో బరువు పెట్టి అంటించండి, లేకపోతే తోక మీద కూలబడుతుంది.