టీవీలో అర్థమైన తీసివేత పలక మీద ఎందుకు రావడం లేదు?

గుంటూరు టీచరమ్మ:
మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో. స్మార్ట్ టీవీలో తీసివేతల వీడియో పెడితే మూడో తరగతివాళ్లు కళ్లార్పరు. ‘పక్కింటి పదిని అప్పు తెచ్చుకో’ అని దానితోపాటు రాగం కూడా తీస్తారు. తీరా 52 నుంచి 27 తీసేయమంటే సగం మంది 35 వేస్తున్నారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసేస్తున్నారు! పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, ఇంట్లో మళ్లీ చూడమందామంటే ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో ఆటోలో వెళ్లిపోతుంది. మీ బడుల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

పటమట పంతులు:
వీడియోను తప్పుపట్టనమ్మా. అది ఆగకుండా సాగిపోతుంది, అదీ చిక్కు. వీడియోలో పుల్లల కట్ట విప్పే చోట ఆపేయండి. పిల్లలకు చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఇచ్చి పదేసి చొప్పున అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు పెట్టించండి. ముందు ఏడు విడిపుల్లలు ఇమ్మని అడగండి. రెండే ఉన్నాయని వాళ్లే గునుస్తారు. ఒక కట్ట విప్పితే విడివి పన్నెండు, కట్టలు నాలుగు. టీవీ మళ్లీ ఆ తర్వాతే. దీక్షా యాప్‌లోని వీడియో పాఠాలను ముందురోజు నేను చూసుకుని, ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకునేవాణ్ణి.

సింగ్‌నగర్ అక్క:
లెక్కల మాటేమో గానీ ఇంగ్లిష్‌కు టీవీ మేలే. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్నా, ఉచ్చారణ పేజీలో వినబడదు కదా.

కొత్తపేట నాన్న:
ఏమీ అనుకోకండి టీచర్ గారూ. టీవీ నడిచినంతసేపూ టీచరు ఫోను చూసుకుంటారని మా పాప చెబుతోంది.

గుంటూరు టీచరమ్మ:
చూస్తామండీ, ఎందుకు చూడం? ముఖ గుర్తింపు హాజరు, భోజనం లెక్క, అన్నీ అందులోని యాప్‌లోనే ఎక్కించాలి. సిగ్నల్ అందకపోతే వరండాలోకి పరుగు. ఫోనులో ఆ లోడింగ్ గీత గుండ్రంగా తిరుగుతుంటే ఇక్కడ గదిలో నాలుగో తరగతి జాతరే. యాప్ మాకు పాఠం చెప్పే పనిలో సాయపడదు, పాఠం చెప్పే సమయాన్ని మాత్రం అడుగుతుంది.
పంతులు గారూ, పుల్లలు సరే. ఆ సేపట్లో నాలుగో తరగతివాళ్లను ఏం చేయమంటారు?

పటమట పంతులు:
‘ఏడు ఇవ్వు’ అని అడిగే పని వాళ్లకే అప్పజెప్పండి. ఒక్కొక్కరికి ఇద్దరు చిన్నవాళ్లు. జవాబు తప్పితే పుల్లలు మళ్లీ కట్టించాలి, చెప్పేయకూడదు.